పెట్టె మీద 0.357, బ్యారెల్‌లోకి చేరింది 0.355: ఒక 9 ఎంఎం పిస్టల్‌లో సీసం బుల్లెట్ సైజు కేస్ స్టడీ

25 గజాల దూరంలో కాగితం టార్గెట్. పది తూటాలు (బుల్లెట్, తుపాకి మందు, వాటిని పట్టే ఇత్తడి కేసింగ్ కలిసినవి) పేల్చితే పడిన కన్నాల్లో మూడు గుండ్రంగా లేవు, కోలగా చిరిగి ఉన్నాయి. అంటే ఆ మూడు బుల్లెట్లు ముక్కుతో తగలలేదు, గాలిలో పల్టీలు కొడుతూ పక్కవాటుగా తగిలాయి. మిగతా ఏడూ 9 అంగుళాల వెడల్పున చెదిరాయి. యాభై తూటాలయ్యాక బ్యారెల్ విప్పి వెలుతురుకు పెడితే, ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) దాటిన మొదటి అంగుళంలో బూడిదరంగు పొరలు గాళ్లను పూడ్చేశాయి. అది సీసం.

పిస్టల్ టెక్సాస్‌లో ఒక క్లబ్బు షూటర్‌ది. 9 ఎంఎం లూగర్, 5 అంగుళాల బ్యారెల్, ఆరు గాళ్ల మామూలు రైఫ్లింగ్ (బుల్లెట్‌ని తిప్పడానికి బ్యారెల్ లోపల కోసిన మెలి గాళ్లు). బుల్లెట్ 125 గ్రెయిన్ల (సుమారు 8.1 గ్రాముల) గుండ్రటి ముక్కు పోత సీసం, బ్యారెల్‌లో జారడానికి మైనం పట్టించినది. పెట్టె మీద సైజు 0.356 అంగుళం. మిశ్రమం 92 పాళ్లు సీసం, 6 ఆంటిమొనీ, 2 తగరం. దీని బ్రినెల్ గట్టిదనం (లోహం ఎంత గట్టిదో చెప్పే అంకె) 15, 16 మధ్య ఉంటుంది. ఇదే పిస్టల్ 0.355 రాగి తొడుగు బుల్లెట్లతో రెండున్నర అంగుళాల గ్రూపు (కన్నాలు చెదిరిన వెడల్పు) ఇస్తోంది. కాబట్టి పిస్టల్‌లోనో, సైట్లలోనో, చేతిలోనో లోపం లేదని మొదటిరోజే తేలింది.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి (ఖాళీ కేసింగుల్లో మళ్లీ మందు, బుల్లెట్ నింపుకోవడానికి) ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి తయారు చేయాలంటే కావాలి. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా తూటాల తయారీని ఒప్పుకోదు. ఇక్కడ రాసిన పనులన్నీ అవి చట్టబద్ధమైన చోట చేసినవే.

ఇక్కడినుంచి కొలతలన్నీ అంగుళాల్లోనే. అంగుళంలో వెయ్యో వంతును రీలోడింగ్ చేసేవాళ్లు 'థౌ' అంటారు. ఒక థౌ అంటే 0.0254 మిల్లీమీటర్, తలవెంట్రుక మందంలో దాదాపు మూడో వంతు. ఈ కేసు మొత్తం రెండు థౌల చుట్టూనే తిరుగుతుంది.

మొదట జరిగిన తప్పు చికిత్స

సీసం పడుతోందంటే బుల్లెట్ మెత్తగా ఉందని అందరికీ తోస్తుంది. యజమానికీ అలాగే తోచి, గట్టిదనం 20 దాటిన బుల్లెట్లు తెప్పించాడు. సీసం పట్టడం తగ్గలేదు. తర్వాత మందు కొంచెం పెంచాడు, ఇంకా ఎక్కువైంది.

కారణం తెలిస్తే ఇందులో వింత లేదు. బుల్లెట్ గాడి వ్యాసం కంటే సన్నగా ఉంటే, వెనకనుంచి వచ్చే వేడి వాయువు దాని పక్కనుంచి దూసుకుపోతుంది. కుక్కర్ గ్యాస్కెట్ పాడైనప్పుడు మూత అంచునుంచి ఆవిరి చిమ్మడం చూశారు కదా, అలాగే. ఆ వాయువు బుల్లెట్ అంచుని కోసి, కరిగిన సీసాన్ని ముందున్న ఉక్కు మీద చల్లుతుంది. తర్వాత వచ్చే బుల్లెట్ దాన్ని ఇస్త్రీ చేసినట్టు నొక్కి అతికిస్తుంది. పదో తూటాకి గాడి లోతు తగ్గిపోతుంది, ఇరవయ్యో తూటాకి రైఫ్లింగ్ బుల్లెట్‌ని పట్టుకోవడం మానేస్తుంది. పట్టు లేకపోతే తిరుగుడు లేదు, తిరుగుడు లేకపోతే పల్టీ.

సన్నని బుల్లెట్‌ను వెనకనుంచి వచ్చే ఒత్తిడే ఉబ్బించి గాడి నింపుతుందని ఒక వాదన ఉంది. దాని లెక్క కూడా చూద్దాం. బ్రినెల్ అంకెను 1422తో గుణిస్తే చదరపు అంగుళానికి పౌండ్లలో ఒక అంచనా వస్తుంది. గట్టిదనం 12 అయితే సుమారు 17,000, 15 అయితే సుమారు 21,300. 9 ఎంఎం లూగర్‌కి అమెరికన్ ప్రమాణ సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 35,000. అంటే కాగితం మీద 15 గట్టిదనం బుల్లెట్ ఉబ్బాలి. కానీ 9 ఎంఎంలో ఒత్తిడి చాలా వేగంగా పెరుగుతుంది, బుల్లెట్ ఉబ్బేలోపే అంచు కోసుకుపోతుంది. పైగా బుల్లెట్ గట్టిపడేకొద్దీ ఉబ్బడానికి మొరాయిస్తుంది. ఉబ్బుతుందన్న నమ్మకం మీద సైజు ఎంచుకోవడం సరైన పద్ధతి కాదన్నది మా గట్టి అభిప్రాయం. బుల్లెట్ బ్యారెల్‌లోకి అడుగుపెట్టేటప్పుడే గాడికి నిండుగా ఉండాలి.

సీసం ఎక్కడ పట్టిందో చూస్తేనే సగం రోగం తెలుస్తుంది. ఛాంబర్ పక్కనే పడితే బుల్లెట్ సన్నగా ఉందని ముందు అనుమానించాలి. బ్యారెల్ మూతి (బుల్లెట్ బయటికొచ్చే కొస) దగ్గర పడితే మైనం మధ్యలోనే అయిపోయిందని అర్థం. ఇక్కడ మొదటి అంగుళంలోనే పట్టింది, మూతి దగ్గర మైనం చుక్కలు చక్కగా ఉన్నాయి. మైనాన్ని అనుమానించాల్సిన పని లేకపోయింది.

శుభ్రం చేసి, కొలిచి

సీసం ఉన్న బ్యారెల్‌ని కొలవకూడదు. పాత బ్రష్‌కి రాగి పీచు చుట్టి, నూనెతో ఇరవై ముప్పైసార్లు లాగితే పొరలు రేకుల్లా ఊడొస్తాయి. దుకాణంలో 'కాపర్' పేరుతో అమ్మే గిన్నెలు తోమే పీచులో కొన్ని ఉక్కు మీద రాగి పూత వేసినవే. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే అది బ్యారెల్‌కి పనికిరాదు. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పోస్తే సీసం కరుగుతుందని కొందరు చెబుతారు. కరిగేది నిజమే, కాని తయారయ్యేది లెడ్ ఎసిటేట్. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోగల విషం, ఉక్కుకూ హాని. దాని జోలికి పోవద్దు. చివర్లో నాలుగు రాగి తొడుగు బుల్లెట్లు పేలిస్తే సీసం ఊడిపోతుందన్న మాట కూడా వినకండి. పూడుకున్న బ్యారెల్‌లో గట్టి బుల్లెట్ పేలిస్తే ఒత్తిడి పెరుగుతుంది.

తర్వాత స్లగ్గింగ్, అంటే మెత్తని సీసం ముక్కను బ్యారెల్ గుండా తోసి లోపలి అచ్చు తీసుకోవడం. చేపల గాలానికి కట్టే కోడిగుడ్డు ఆకారపు సీసం బరువు దీనికి చక్కగా పనికొస్తుంది. అది మెత్తని సీసమై ఉండాలి, వ్యాసం గాడి కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. మ్యాగజీన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కళ్లతోనూ వేలితోనూ చూసి, బ్యారెల్‌ను పిస్టల్‌నుంచి విడదీయాలి. బ్యారెల్ లోపల పలుచగా నూనె పూయాలి. నూనె లేకపోతే ముక్క మధ్యలో బిగుసుకుంటుంది. బ్యారెల్‌ను చెక్క మీద నిలబెట్టి, మూతి వైపునుంచి ముక్కను కొయ్య సుత్తితో కొట్టి దించి, తర్వాత ఇత్తడి కడ్డీతో తోసేయాలి. ఉక్కు కడ్డీ వాడకూడదు. సన్నని కొయ్య పుల్ల అయితే ఏటవాలుగా చీలి బ్యారెల్ గోడకీ ముక్కకీ మధ్య మేకులా దిగుతుంది. అప్పుడు బయటికి తీయడం నరకం.

తోసేటప్పుడు చేతికి తెలిసేదాన్ని కూడా రాసుకోవాలి. మొదట్లో బిగుతు, తర్వాత ఒకే తీరుగా జారడం మంచి లక్షణం. మధ్యలో ఎక్కడైనా వదులై మళ్లీ బిగిస్తే, బ్యారెల్ ఆ చోట వెడల్పుగా ఉన్నట్టు. ఈ బ్యారెల్‌లో అలాంటిదేమీ తగల్లేదు.

బయటికొచ్చిన ముక్క మీద ఎత్తుగా ఉన్న పట్టీలు బ్యారెల్ గాళ్ల అచ్చులు, పల్లంగా ఉన్నవి గాళ్ల మధ్య ఎత్తుగా ఉండే గట్ల అచ్చులు. ఆరు గాళ్లు కాబట్టి ఎదురెదురు పట్టీల మధ్య మైక్రోమీటర్ నేరుగా కూర్చుంటుంది. మూడు ముక్కలు తోసి, ఒక్కోటీ మూడు వైపులా కొలిచాం. గాడి వ్యాసం 0.3563, గట్ల వ్యాసం 0.3468. ప్రమాణం ప్రకారం గాడి 0.355 ఉండాలి. అంటే ఈ బ్యారెల్ 1.3 థౌలు వెడల్పు. 9 ఎంఎంలో ఇది అరుదేం కాదు, 0.355 నుంచి 0.357 దాకా బ్యారెళ్లు కనిపిస్తూనే ఉంటాయి.

రెండు హెచ్చరికలు. కాలిపర్‌తో ఈ కొలత తీయకండి. సాధారణ డిజిటల్ కాలిపర్ కచ్చితత్వం అటూ ఇటూ ఒక థౌ, ఇక్కడ వెతుకుతున్న తేడా కూడా అంతే. పదివేలవ వంతు చూపించే మైక్రోమీటరే కావాలి, కొలిచే ముందు దాని సున్నా సరిచూసుకోవాలి. రెండోది, ఐదు గాళ్ల బ్యారెళ్లలో ఒక పట్టీకి ఎదురుగా పల్లం వస్తుంది. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లు చాలావరకు ఇలాంటివే. మామూలు మైక్రోమీటర్ అక్కడ తక్కువ చూపిస్తుంది, 'వీ' ఆకారపు పీట ఉన్నది వాడాలి.

పెట్టెలోని బుల్లెట్లు తీసి పదింటిని కొలిచాం. 0.3558 నుంచి 0.3562 వరకు ఉన్నాయి. పెట్టె మీద రాసింది అబద్ధం కాదు, 0.356 అనే సైజులో ఈ మాత్రం తేడా మామూలే. కానీ 0.3563 గాడికి వాటిలో ఒక్కటీ నిండదు. పోత సీసానికి పాత నియమం, గాడి కంటే ఒకటి నుంచి రెండు థౌలు పెద్దగా ఉండాలి. ఆ లెక్కన ఈ బ్యారెల్‌కి కావలసింది 0.3573 నుంచి 0.3583 దాకా.

ఇక్కడితో ఆగిపోతే ఇది చిన్న కేసు. ఆగలేదు.

0.357 తెచ్చినా తగ్గని సీసం

0.357 సైజు బుల్లెట్లు, అదే మిశ్రమం, అదే మైనం. మందు మళ్లీ రీలోడింగ్ మాన్యువల్‌లో ఆ బరువు సీసం బుల్లెట్‌కి ఇచ్చిన ప్రారంభ కొలతనుంచే మొదలుపెట్టాం. బుల్లెట్ మారినా, సైజు మారినా, కూర్చునే లోతు మారినా ఇదే పద్ధతి, దీనికి మినహాయింపు లేదు. పల్టీలు పోయాయి. గ్రూపు 9 అంగుళాలనుంచి 5కి దిగింది. కానీ యాభై తూటాలకి ఛాంబర్ ముందు సీసం మళ్లీ కనిపించింది, ముందుకన్నా తక్కువ, అంతే.

ఈ దశలో చాలామంది 0.358కి, ఆపైన 0.359కి పోతారు. దానికి ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఖర్చు లేనిది, కానీ చాలామంది చేయనిది. తయారైన తూటానుంచి బుల్లెట్ వెనక్కి పీకి, దాన్ని కొలవడం.

పీకడానికి సుత్తి ఆకారంలో ఉండే ఇనర్షియా పుల్లర్ చాలు. దాని అడుగున చెవిలో పెట్టుకునే స్పాంజి ముక్క ఒకటి వేస్తే బుల్లెట్ ముక్కు చదును కాదు. గట్టి నేల మీద రెండు మూడు దెబ్బలకి బుల్లెట్, మందు రెండూ లోపల రాలతాయి. (నిప్పంటించే మందు అంచులోనే ఉండే రిమ్‌ఫైర్ తూటాలకి ఈ పుల్లర్ ఎప్పుడూ వాడకూడదు, పేలుతుంది.) కొలవాల్సింది బుల్లెట్ అడుగు పట్టీ దగ్గర. వాయువును ఆపేది అదే.

ఐదు తూటాలు పీకాం. కూర్చోబెట్టేముందు 0.3570 ఉన్న బుల్లెట్ల అడుగు ఇప్పుడు 0.3551 నుంచి 0.3553. దాదాపు రెండు థౌలు పోయాయి. బ్యారెల్‌లోకి వెళ్తున్నది 0.357 బుల్లెట్ కాదు, 0.355 బుల్లెట్.

ఎవరు నొక్కారు? కేసింగే నొక్కింది. ఇత్తడి ముందు సీసం మెత్తన. బిగుతు ఎక్కువైతే ఇత్తడి సాగదు, సీసమే కుంచించుకుపోతుంది. 9 ఎంఎం కేసింగ్‌కి ఇందులో మూడు ప్రత్యేక చిక్కులు ఉన్నాయి. అది పొట్టిది (0.754 అంగుళం), బయటనుంచి కోసుగా ఉంటుంది (మూతి దగ్గర 0.380, అడుగున 0.391), లోపలి గోడ కిందికి పోయేకొద్దీ మందమవుతుంది. బుల్లెట్ ఎంత లోతుగా కూర్చుంటే దాని అడుగు అంత మందమైన గోడ మధ్య ఇరుక్కుంటుంది. ఇక్కడ బుల్లెట్ పొడవు 0.600, తూటా మొత్తం పొడవు 1.110. కాబట్టి బుల్లెట్ కేసింగ్‌లోకి 0.754 + 0.600 − 1.110, అంటే 0.244 అంగుళం దిగుతోంది.

పైగా తూటాకి రూపమిచ్చే పనిముట్లైన డై సెట్లు అధికభాగం రాగి తొడుగు 0.355 బుల్లెట్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఈ సెట్‌లో మూతి తెరిచే ఎక్స్‌పాండర్ కడ్డీని కొలిస్తే 0.3530. తెరిచాక ఇత్తడి కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది కాబట్టి కేసింగ్ లోపల 0.352కి లోపే మిగులుతుంది. అందులోకి 0.357 బుల్లెట్! ఐదు థౌల పైన బిగుతు. రెండు రెండున్నర థౌల బిగుతు చాలిన చోట ఇది.

నాలుగో డై కూడా అనుమానితుడే. క్రింప్ చేస్తూనే (కేసింగ్ మూతిని బుల్లెట్ మీదికి నొక్కుతూనే) తయారైన తూటాని కార్బైడ్ రింగు గుండా లాగి సరిచేసే రకం అది. రాగి తొడుగు బుల్లెట్లకి చాలా మేలు చేస్తుంది, తూటా ఛాంబర్‌లో ఇరుక్కోదు. లావు సీసం బుల్లెట్‌కి మాత్రం అదే రింగు రోకలి. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి రెండు రకాలుగా ఐదేసి తూటాలు చేశాం, ప్రైమర్ (మందుకి నిప్పంటించే బిళ్ల) లేకుండా, మందు లేకుండా. క్రింప్ డైకి పంపకుండా పీకిన వాటి అడుగు సగటున 0.3559. పంపి పీకినవి 0.3552. అంటే ఎక్స్‌పాండర్ వల్ల థౌ పైన, రింగు వల్ల మరో ముప్పాతిక థౌ.

ఈ పరీక్ష చేయకుండా నేరుగా 0.358 బుల్లెట్లు తెచ్చి ఉంటే అవీ దాదాపు అదే సైజుకి దిగేవి. డబ్బు ఖర్చయ్యేది, సీసం అలాగే ఉండేది, చివరికి ఈ బ్యారెల్‌కి సీసం పడదు అనేసి వదిలేసేవాళ్లు. అలా వదిలేసిన బ్యారెళ్లలో చాలావాటికి ఏ లోపమూ ఉండదు.

పై హద్దు ఛాంబర్ చెబుతుంది

కింది హద్దు గాడి చెప్పింది. మరి ఎంత లావు దాకా పోవచ్చు? దానికి జవాబు ఛాంబర్‌లో ఉంది. సెర్రోసేఫ్ అనే తక్కువ వేడికే కరిగే లోహంతో ఛాంబర్ అచ్చు తీశాం. అది 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. పోసిన మొదటి అరగంటలో కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి అప్పుడే ఛాంబర్‌నుంచి బయటికి తీయాలి. గంట గడిచేసరికి మళ్లీ ఛాంబర్ అసలు కొలతకి వస్తుంది, కొలవాల్సింది అప్పుడు. ఆలస్యం చేస్తే ఇంకా పెరుగుతూ పోతుంది. ఈ ఛాంబర్ మూతి దగ్గర 0.3815 వచ్చింది.

ఇప్పుడు కూడిక. కేసింగ్ మూతి గోడ మందం మామూలుగా 0.011. రెండు వైపులా 0.022. బుల్లెట్ 0.357 అయితే తూటా 0.379. 0.358 అయితే 0.380, అంటే సామీ తూటాకి ఇచ్చిన గరిష్ఠం మీదే కూర్చుంటుంది. రేంజ్‌లో ఏరుకొచ్చిన రకరకాల కేసింగుల్లో గోడ 0.0125 ఉన్నవీ తగులుతాయి. వాటితో 0.358 బుల్లెట్ 0.383 అవుతుంది, ఈ ఛాంబర్‌లో పట్టదు. బలవంతంగా దూరితే ఇంకా ప్రమాదం. బుల్లెట్‌ని వదలడానికి కేసింగ్ మూతికి చోటు ఉండదు, ఒత్తిడి పెరిగిపోతుంది.

అందుకే ఇక్కడ 0.3575 ఎంచుకున్నాం. గాడి కంటే 1.2 థౌలు పెద్ద, మామూలు కేసింగ్‌తో తూటా 0.3795, ఛాంబర్‌లో రెండు థౌల ఖాళీ. మందపు కేసింగులు వేరుచేసి రాగి తొడుగు బుల్లెట్లకి మళ్లించాం. ఛాంబర్ ఇంకో థౌ వెడల్పు ఉంటే నిస్సంకోచంగా 0.358 పెట్టేవాళ్లం.

పొడవు విషయం కూడా చూడాలి. 9 ఎంఎం ఛాంబర్ ముందు రైఫ్లింగ్ చాలా దగ్గరగా మొదలవుతుంది. లావు బుల్లెట్ భుజం గట్లకి తగిలితే తూటా పూర్తిగా కూర్చోదు. విప్పిన బ్యారెల్‌లో తూటా వదిలి చూడాలి. టక్కున శబ్దంతో కూర్చుని, వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరిగి, బోర్లిస్తే దానంతటదే జారి పడాలి. 1.110 దగ్గర ఈ మూడూ సరిపోయాయి. ఒకవేళ లోతుగా కూర్చోబెట్టాల్సి వస్తే లోపలి ఖాళీ తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. మందు మళ్లీ కింది కొలతనుంచి మొదలుపెట్టాల్సిందే.

పనిముట్లలో చేసిన మార్పులు

బుల్లెట్‌ని కావలసిన వ్యాసానికి నొక్కే సైజింగ్ డై 0.3575 కొలతలో బజారులో దొరకడం కష్టం. 0.357 నెట్టుడు రకం డై తెచ్చి రుద్దాం. కొయ్య కడ్డీకి రంపంతో చీలిక పెట్టి, 400 నంబరు తడి గరుకుకాగితం అందులో దూర్చి చుట్టి, డ్రిల్లుతో నెమ్మదిగా తిప్పుతూ పైకీ కిందికీ ఆడించాలి. పది సెకన్లు రుద్దడం, తుడవడం, ఒక బుల్లెట్ తోసి కొలవడం. ఓపిక కావాలి, ఎందుకంటే తీసిన లోహం తిరిగి రాదు. 0.3573 దగ్గర ఆపి 600 నంబరుతో నునుపు చేస్తే 0.3575కి వచ్చింది. 0.358 సైజు మైనం పట్టిన బుల్లెట్లు కొని ఈ డైలో ముక్కు ముందుగా తోస్తున్నాం. తగ్గేది అర థౌ కాబట్టి మైనం గాళ్లు చెదరవు.

ఎక్స్‌పాండర్ మార్పే ఇందులో ప్రాణం. 0.3530 కడ్డీ స్థానంలో 0.3555 కడ్డీ వచ్చింది. దాని పైభాగంలో 0.360 మెట్టు ఉంటుంది. సన్న భాగం కేసింగ్‌లోకి కనీసం 0.25 అంగుళం దిగాలి, లేదంటే బుల్లెట్ అడుగు కూర్చునే చోటు తెరుచుకోదు. మెట్టు మూతిని నిలువుగా కాస్త వెడల్పు చేస్తుంది. గంట ఆకారంలో విప్పారడం కంటే ఇది మేలు. బుల్లెట్ వంకర లేకుండా నిలబడుతుంది, అంచు సీసాన్ని గీకదు. గీకితే తూటా నోటి చుట్టూ సన్నని సీసం ఉంగరం కనిపిస్తుంది, అది కనిపిస్తే మూతి ఇంకొంచెం తెరవాలి.

రింగు ఉన్న డైని ఈ తూటాలకి తీసేశాం. మామూలు టేపర్ క్రింప్ డైతో, తెరిచిన మూతిని తిరిగి నిటారు చేసేంత మాత్రమే నొక్కుతున్నాం. మూతి అంచు దగ్గర 0.379 వస్తే చాలు. 9 ఎంఎం తూటా ఛాంబర్‌లో ఆనుకునేది కేసింగ్ మూతి మీదే. ఎక్కువ నొక్కితే ఆ ఆనిక పోతుంది, బుల్లెట్ మళ్లీ సన్నబడుతుంది, విచిత్రంగా పట్టు కూడా తగ్గుతుంది. క్రింప్ బుల్లెట్‌ని పట్టుకోదు, కేసింగ్ గోడ పట్టుకుంటుంది.

బిగుతు తగ్గించాం కాబట్టి బుల్లెట్ వెనక్కి జారుతుందేమో చూడడం తప్పనిసరి. వెనక్కి జారితే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, పొట్టి కేసింగ్‌లో అది చిన్న విషయం కాదు. ఐదు డమ్మీ తూటాలను, ప్రైమర్ లేనివి మందు లేనివి, మ్యాగజీన్‌నుంచి స్లైడ్ వేగంగా వదిలి ఎక్కించి, ముందూ వెనకా పొడవు కొలిచాం. ఎక్కువలో ఎక్కువ తేడా ఒక థౌ. మూడు థౌలు దాటి ఉంటే ఎక్స్‌పాండర్‌ని అర థౌ తగ్గించేవాళ్లం.

మళ్లీ పీకి చూస్తే అడుగు 0.3572 నుంచి 0.3574. కూర్చోబెట్టిన సైజుకి, పీకిన సైజుకి మధ్య అర థౌ లోపు తేడా ఉంటే ఒప్పుకోవచ్చు. ఇక్కడ అంతకన్నా తక్కువే.

ఫలితం

మందు మాన్యువల్ ప్రారంభ కొలతనుంచి మెట్లుగా పెంచి, స్లైడ్ నమ్మకంగా పనిచేసిన చోట ఆపాం. 200 తూటాల తర్వాత ఛాంబర్ ముందు పలుచటి బూడిదరంగు మసక, పొడిగుడ్డ రెండుసార్లు లాగితే పోయింది. బ్యారెల్‌ను దిండు మీద ఆనించి 25 గజాలనుంచి పేల్చిన ఐదు గ్రూపులు రెండున్నరకీ మూడుంబావు అంగుళాలకీ మధ్య వచ్చాయి. కోల కన్నం ఒక్కటీ లేదు. మిశ్రమం మొదట సీసం పట్టించినదే, గట్టిదనం 15.

9 ఎంఎంలోనే ఈ గొడవ ఎందుకు ఎక్కువ? ఒత్తిడి 35,000, రైఫ్లింగ్ పది అంగుళాలకి ఒక చుట్టు. .45 ఏసీపీలో ఒత్తిడి 21,000, పదహారు అంగుళాలకి ఒక చుట్టు. .38 స్పెషల్‌లో ఒత్తిడి 17,000, చుట్టు ఇంకా నెమ్మది. ఆ రెండూ కొంచెం తప్పు సైజుని క్షమిస్తాయి. 9 ఎంఎం క్షమించదు, ఎందుకంటే సన్నని మెత్తని బుల్లెట్‌ని ఒకేసారి గట్టిగా తోసి గట్టిగా తిప్పమంటుంది.

ఇతర సైజుల గురించి

.45 ఏసీపీకి రాగి తొడుగు 0.451, సీసం 0.452. .40 ఎస్ అండ్ డబ్ల్యూకి 0.400, 0.401. .38 స్పెషల్, .357 మాగ్నమ్ రెంటికీ 0.357, 0.358. పేరులో 38 ఉన్నా బుల్లెట్ 0.38 కాదు. .38 ఎస్ అండ్ డబ్ల్యూ అనే పాత తూటాది మళ్లీ వేరు, 0.361 దగ్గర. మకరోవ్ కూడా 9 ఎంఎం పేరే, కానీ దాని బుల్లెట్ 0.363 నుంచి 0.365. పేరు చూసి లూగర్ బుల్లెట్లు అందులో పెడితే బ్యారెల్‌లో గలగలలాడుతాయి.

పైన చెప్పిన ఒకటి రెండు థౌలు పెంచే నియమం సీసానికి మాత్రమే. రాగి తొడుగు బుల్లెట్ తయారీదారు చెప్పిన సైజులోనే ఉండాలి. 0.357 రాగి తొడుగు బుల్లెట్‌ని 9 ఎంఎంలో పెట్టే ప్రయోగం ఎవరూ చేయవద్దు. పౌడర్ కోట్ వేసిన సీసమైతే పూత వ్యాసాన్ని ఒకటి రెండు థౌలు పెంచుతుంది, కాబట్టి పూత వేసి కాల్చాకే సైజింగ్.

రివాల్వర్‌లో గాడి కంటే ముందు సిలిండర్ గొంతులు (ఒక్కో ఛాంబర్ ముందుభాగం) కొలవాలి. బుల్లెట్ ముందు దూరేది అక్కడే. గొంతు గాడి కంటే సన్నగా ఉంటే ఎంత లావు బుల్లెట్ పెట్టినా గొంతు దాన్ని సన్నం చేసి పంపుతుంది. అప్పుడు సరిచేయాల్సింది గొంతు, ఆ పని గన్‌స్మిత్‌ది. గొంతులన్నీ సమంగా, గాడి కంటే కొంచెం పెద్దగా ఉంటే బుల్లెట్‌ను గొంతు సైజుకే ఎంచుకోవాలి.

సీసం ముట్టుకున్న చేతులను చల్లని నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోవాలి. బల్ల దగ్గర తినడం, తాగడం ఉండకూడదు. రుద్దిన డై తుడిచిన గుడ్డలు, బ్యారెల్‌నుంచి వచ్చిన రేకులు మూత ఉన్న డబ్బాలోకి పోవాలి, వంటింటి చెత్తలోకి కాదు.

ఈ పిస్టల్ డైల పెట్టె మూత లోపల ఇప్పుడు ఒక కాగితం అతికించి ఉంది: గాడి 0.3563, ఛాంబర్ మూతి 0.3815, బుల్లెట్ 0.3575, ఎక్స్‌పాండర్ 0.3555, పొడవు 1.110, క్రింప్ 0.379, పీకిన అడుగు 0.3573. కొత్త పెట్టె బుల్లెట్లు విప్పినప్పుడల్లా రెండు తూటాలు చేసి, పీకి, చివరి అంకె పక్కన తేదీ వేసి రాస్తున్నారు.